ఏటీవీ వెనుక హైడ్రాలిక్ బ్రేకు - లోపాల గుర్తింపు

ఆల్ టెరైన్ వెహికిల్, క్లుప్తంగా ఏటీవీ, అనగా రహదారి లేని నేలపై నడచుటకు తయారుచేసిన చిన్న మోటారు వాహనం. దీనికి సాధారణంగా నాలుగు వెడల్పైన, గాలి పీడనం తక్కువగా ఉండే టైర్లు, ఇరువైపులా కాళ్ళు వేసి కూర్చొనే సీటు, మోటారుసైకిలుకు ఉన్నటువంటి హ్యాండిలు ఉంటాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలలో ఇవి పొలం పనులకు, పశువుల మందలను తోలుటకు, అడవులలో తిరుగుటకు, వినోదానికి విరివిగా వాడుకలో ఉన్నాయి.

ఈ వాహనాలలో అనేకం వెనుక బ్రేకు ద్రవ పీడనంతో, అంటే హైడ్రాలిక్ పద్ధతిలో, పనిచేస్తుంది. ఈ బ్రేకు సరిగా పట్టనపుడు ముందు ప్యాడ్లు, తరువాత మాస్టర్ సిలిండరు, ఆ తరువాత కాలిపర్ అని ఒక్కొక్క భాగాన్ని మార్చుకుంటూ పోవడం పరిపాటి. దీనివలన ఖర్చు పెరుగుతుందే కాని లోపం పోతుందన్న హామీ లేదు. నిజానికి లోపం ఎక్కడ ఉన్నదో చాలావరకు బ్రేకు పెడలే తెలియజేస్తుంది. పెడలు మెత్తగా ఉన్నదా, మెల్లగా దిగుతున్నదా, గట్టిగా ఉండి కూడా బండి ఆగడం లేదా, లేక చక్రం పట్టేసి విడవడం లేదా అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికితే వెతకవలసిన చోటు బాగా తగ్గిపోతుంది. ఈ వ్యాసంలో ఆ గుర్తింపు విధానము, దాని వెనుకనున్న భౌతిక సూత్రాలు వివరించబడినవి.

చరిత్ర

మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిశలకు సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ (1623-1662) నిరూపించాడు. హైడ్రాలిక్ బ్రేకుకు ఇదే ఆధారం. 1910 దశకం చివరలో అమెరికాకు చెందిన మాల్కం లాకీడ్ ఈ సూత్రాన్ని మోటారు వాహనాల బ్రేకులకు అనువుగా మలచి పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారు నాలుగు చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులతో వెలువడినది. 1924లో క్రైస్లర్ కారుతో ఈ పద్ధతి సామాన్య కొనుగోలుదారులకు చేరువైనది.

ఏటీవీల చరిత్ర ఇంతకంటె ఇటీవలిది. 1970లో హోండా సంస్థ అమెరికాలో మూడు చక్రాల బండిని విడుదల చేసింది. 1982లో సుజుకి సంస్థ నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్‌ను తెచ్చింది. మూడు చక్రాల బళ్ళు తేలికగా బోల్తాపడి ప్రమాదాలు ఎక్కువ కావడంతో, 1988లో అమెరికా ప్రభుత్వానికి, ప్రధాన తయారీదారులకు మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ వాటి అమ్మకం నిలిచిపోయింది. వేగం, బరువు పెరిగిన కొద్దీ తీగ లాగితే పనిచేసే డ్రమ్ము బ్రేకుల స్థానంలో హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు వచ్చి చేరాయి. అయితే ఇప్పటికీ కొన్ని పొలం పనుల బళ్ళలో వెనుక డ్రమ్ము బ్రేకులే ఉన్నాయి.

నిర్మాణం

క్రీడలకు వాడే ఏటీవీలలో వెనుక రెండు చక్రాలు ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి. ఆ ఇరుసుపై ఒక డిస్కు, దానిని పట్టే ఒక కాలిపర్ ఉంటే చాలు, రెండు చక్రాలూ ఆగుతాయి. అందుచేత ఆ ఒక్క కాలిపర్ చెడితే వెనుక బ్రేకు మొత్తం పోయినట్లే. పొలం పనుల బళ్ళలో కొన్నింటికి ప్రతి చక్రానికి వేరువేరు డిస్కులు ఉంటాయి. ఈ వ్యాసంలో ఒకే ఇరుసు, ఒకే డిస్కు ఉన్న రకాన్ని ముఖ్యంగా తీసుకోవడమైనది. ఇందలి ముఖ్య భాగాలు:

* పెడలు - కుడి పాదం వద్ద ఉంటుంది. ఇది ఒక తులాదండము వలె పనిచేసి పాదబలాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది.
* పుష్ రాడ్డు - పెడలు కదలికను మాస్టర్ సిలిండరు పిస్టనుకు అందించే కడ్డీ. దీని పొడవును మరతో సవరించవచ్చు.
* మాస్టర్ సిలిండరు - పిస్టను, దానిపై రబ్బరు సీళ్ళు, లోపల స్ప్రింగు ఉంటాయి. పీడనం పుట్టేది ఇక్కడే.
* ఆయిలు డబ్బా - బ్రేకు ఆయిలు నిలువ ఉండే చిన్న పాత్ర. డబ్బాకు, సిలిండరుకు మధ్య ఒక అతి సన్నని రంధ్రం ఉంటుంది. పెడలు వదలినపుడు సిలిండరులోని ఆయిలు దీనిగుండా డబ్బాలోకి తిరిగి వస్తుంది. ఈ వ్యాసంలో దీనిని తిరుగు రంధ్రం అని పేర్కొనడమైనది.
* బ్రేకు గొట్టం - లోపల మందమైన పొర, చుట్టూ అల్లిక కలిగిన గొట్టం. రెండు చివరల బాంజో బోల్టు, దానికి అటూ ఇటూ రాగి వాషర్లు ఉంటాయి.
* కాలిపర్ - పిస్టను, చతురస్రాకారపు కోత గల రబ్బరు సీలు, ప్యాడ్లు, జారుడు పిన్నులు, గాలి తీయుటకు బ్లీడర్ నిపిలు ఇందులో ఉంటాయి.
* డిస్కు - ఇరుసుతోపాటు తిరిగే ఉక్కు పళ్ళెం.

కాలిపర్ పిస్టనును వెనక్కు లాగుటకు వేరే స్ప్రింగు ఉండదు. పీడనం పెరిగినపుడు చతురస్రాకారపు సీలు పిస్టనుతోపాటు కొంచెం వంగుతుంది. పీడనం తగ్గగానే తన స్థితిస్థాపకత వలన యథాస్థితికి వస్తూ పిస్టనును వెంట తెచ్చుకుంటుంది. ఆ కదలిక మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే. కనుక కొద్దిపాటి తుప్పు, ఎండిన బురద కూడా ఆ పనికి అడ్డుపడగలవు.

పనిచేయు విధానము

ఉదాహరణకు పెడలు బలాన్ని 4 రెట్లు పెంచుతుందని, మాస్టర్ సిలిండరు వ్యాసం 14 మి.మీ., కాలిపర్ పిస్టను వ్యాసం 28 మి.మీ. అని అనుకొందాము. పాదంతో 20 కిలోల బలం వేస్తే మాస్టర్ సిలిండరు పిస్టనుపై 80 కిలోల బలం పడుతుంది. ఆ పిస్టను వైశాల్యం 1.54 చదరపు సెం.మీ. కనుక ఆయిలులో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 52 కిలోలు. కాలిపర్ పిస్టను వైశాల్యం 6.16 చదరపు సెం.మీ. కనుక ప్యాడును నొక్కే బలం సుమారు 320 కిలోలు. అనగా పాదబలం 16 రెట్లు అయినది.

ఈ లాభం ఉచితంగా రాదు. బలం ఎన్ని రెట్లు పెరిగితే కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. మాస్టర్ సిలిండరు పిస్టను 10 మి.మీ. కదిలితే బయటకు నెట్టబడే ఆయిలు 1.54 ఘన సెం.మీ. మాత్రమే. వ్యవస్థలో అర ఘన సెంటీమీటరు గాలి బుడగ ఉన్నదనుకొంటే, 50 రెట్ల వాతావరణ పీడనం వద్ద అది ముడుచుకొని దాదాపు లేనట్లే అవుతుంది. ఆ ముడుచుకొనుటకే సిలిండరు కదలికలో మూడవ వంతు ఖర్చయిపోతుంది. చిన్న బుడగ పెడలును ఎందుకు అంత మెత్తగా చేస్తుందో దీనినిబట్టి తెలుస్తుంది.

ఇక ఉష్ణం సంగతి. బండి, నడిపే మనిషి కలిసి 270 కిలోలు ఉండి, 100 మీటర్ల ఎత్తునుండి వేగం పెరగకుండా దిగితే సుమారు 265 కిలోజౌళ్ళ శక్తి ఉష్ణంగా మారవలసి ఉంటుంది. ఇదంతా ఒక కిలో ఉక్కు డిస్కులోనే నిలిచిపోతే దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరుగుతుంది. వాస్తవంలో ఇంజను నిరోధం, ముందు బ్రేకులు, వీచే గాలి ఇందులో పెద్ద భాగాన్ని తీసుకొంటాయి. అయినను దిగుడులో వెనుక బ్రేకునొక్కదానినే తొక్కిపట్టి ఉంచితే ఆయిలు మరిగే స్థితి రావచ్చును.

బ్రేకు ఆయిలు

వాడుకలో ఆయిలు అని పిలిచినా, ఇది ఇంజను ఆయిలు వంటి ఖనిజ తైలం కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ జాతికి చెందినవి. ఇవి గాలిలోని తేమను పీల్చుకొంటాయి. డాట్ 5 సిలికోన్ జాతికి చెందినది. అమెరికా ప్రమాణాల ప్రకారం వీటికి ఉండవలసిన కనీస మరుగు స్థానాలు:

* డాట్ 3 - కొత్తదానికి 205 డిగ్రీలు, తేమ చేరినదానికి 140 డిగ్రీలు
* డాట్ 4 - కొత్తదానికి 230 డిగ్రీలు, తేమ చేరినదానికి 155 డిగ్రీలు
* డాట్ 5, డాట్ 5.1 - కొత్తదానికి 260 డిగ్రీలు, తేమ చేరినదానికి 180 డిగ్రీలు

తేమ చేరినది అనగా సుమారు 3.7 శాతం నీరు కలిసినది అని అర్థం. నదులు, బురదగుంటలు దాటే ఏటీవీలలో ఆయిలు త్వరగా ఈ స్థితికి వస్తుంది. డాట్ 5ను మిగిలిన రకాలతో కలపరాదు. పేర్లు దగ్గరగా ఉన్నందున డాట్ 5ను, డాట్ 5.1ను ఒకటిగా భావించుట తరచు జరిగే పొరపాటు. బండికి ఏ రకం వాడవలెనో డబ్బా మూతపై ముద్రించి ఉంటుంది.

ఇంజను ఆయిలు గాని, కిరోసిన్, పెట్రోలు వంటివి గాని ఈ వ్యవస్థలో పడితే రబ్బరు సీళ్ళు ఉబ్బి పనికిరాకుండా పోతాయి. అట్టి పొరపాటు జరిగితే ఆయిలును మార్చినంత మాత్రాన సరిపోదు. రబ్బరు భాగాలన్నింటినీ మార్చవలెను.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, ముందు చక్రాలకు అడ్డుకట్టలు వేసి, వెనుక భాగాన్ని స్టాండ్లపై ఎత్తవలెను. జాకీ ఒక్కదానిపై నిలిపిన బండి కిందకు పోరాదు. డిస్కు, కాలిపర్ చల్లారిన తరువాతనే ముట్టుకోవలెను. బ్రేకు ఆయిలు రంగును తినివేస్తుంది, కంటికి హాని చేస్తుంది. కనుక కళ్ళద్దాలు ధరించి, ఆయిలు ఒలికిన చోట వెంటనే నీటితో కడగవలెను. ప్యాడ్ల పొడిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవవలెను.

అన్నిటికంటె ముందు నాలుగు విషయాలు చూడవలెను: డబ్బాలో ఆయిలు మట్టం, ప్యాడ్ల మందం, ఎక్కడైనా తడి, పెడలు ప్లే. ప్యాడ్లు అరిగిన కొద్దీ కాలిపర్ పిస్టను బయటకు వచ్చి, ఆ ఖాళీని నింపుటకు ఆయిలు దిగుతుంది. కనుక మట్టం కొద్దిగా తగ్గుట లోపం కాదు. ప్యాడు పదార్థం 1 మి.మీ. మందానికి, లేదా తయారీదారు చెప్పిన హద్దుకు, చేరితే మార్చవలెను. ప్యాడ్లు బాగుండి కూడా మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నదని గ్రహించవలెను.

పెడలును బట్టి లోపం గుర్తింపు

1. పెడలు మెత్తగా, స్పాంజిలా ఉండుట

పలుమార్లు తొక్కితే పెడలు కొంత పైకి వచ్చినా మెత్తదనం పోకపోతే వ్యవస్థలో గాలి ఉన్నట్లు. ఏటీవీలలో గాలి చిక్కుకొనుటకు ప్రత్యేక కారణాలు ఉన్నాయి. మాస్టర్ సిలిండరు పాదం వద్ద తక్కువ ఎత్తులో ఉంటుంది. గొట్టం ఫ్రేము మీదుగా పైకి లేచి, తిరిగి ఇరుసు వైపు దిగుతుంది. బుడగలు పైకి పోవుట స్వభావం కనుక ఆ వంపులోనే నిలిచిపోతాయి. కాలిపర్‌ను విప్పి తిరిగి బిగించినపుడు బ్లీడర్ నిపిలు అన్నిటికంటె ఎత్తున ఉండునట్లు చూడకపోతే, ఎంతసేపు తీసినా గాలి పోదు.

గాలి లేదని నిర్ధారించుకొన్న తరువాత కూడా మెత్తదనం ఉంటే పాత గొట్టం పీడనానికి ఉబ్బుతున్నదేమో చూడవలెను. ఒకరు పెడలు తొక్కుతుండగా మరొకరు గొట్టాన్ని చేతితో పట్టుకొంటే ఉబ్బు తెలుస్తుంది. వంకర తిరిగిన ప్యాడు పలక కూడా స్ప్రింగు వలె వంగి ఇదే లక్షణాన్ని చూపవచ్చును.

2. మొదటి తొక్కుకు లోతుకు పోయి, రెండవ తొక్కుకు గట్టిపడుట

దీనిని గాలి అని భ్రమపడి పలుమార్లు బ్లీడింగు చేయుట సాధారణం. తేడా ఏమనగా, ఇక్కడ రెండవ తొక్కుకు పెడలు మెత్తగా కాక పూర్తిగా గట్టిగా ఉంటుంది. బండి నిలిచి ఉన్నంతసేపు మరల ఎన్నిసార్లు తొక్కినా గట్టిగానే ఉంటుంది. కొంతదూరం నడిపిన తరువాత తిరిగి మొదటి తొక్కు లోతుకు పోతుంది.

దీనికి కారణం ఆయిలులో లేదు, ఇరుసులో ఉన్నది. ఇరుసు బేరింగులు అరిగినా, ఇరుసు లేదా డిస్కు వంగినా, తిరిగేటపుడు డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కు నెడుతుంది. తరువాత వేసిన మొదటి తొక్కు ఆ ఖాళీని పూడ్చుటకే ఖర్చవుతుంది. వెనుక చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపితే బేరింగు వదులు తెలుస్తుంది. డిస్కు పక్కన ఒక కడ్డీని కదలకుండా నిలిపి ఇరుసును తిప్పితే వంకర కంటికి కనిపిస్తుంది. బేరింగు మార్చకుండా బ్రేకుకు ఎన్ని మరమ్మతులు చేసినా ఈ లోపం పోదు.

3. పెడలు తొక్కిపట్టగా మెల్లగా దిగిపోవుట

బయట ఎక్కడా తడి లేకుండా పెడలు దిగుతుంటే మాస్టర్ సిలిండరు లోపలి సీలు ఆయిలును వెనక్కు వదలుతున్నదని అర్థం. దీనిని నిర్ధారించుటకు ఒక సులువైన మార్గం ఉన్నది. మాస్టర్ సిలిండరు వద్ద గొట్టాన్ని విప్పి, ఆ రంధ్రాన్ని సరిపడే మరగల మూత బోల్టుతో, రాగి వాషరు వేసి మూసివేయవలెను. అక్కడి గాలి తీసిన తరువాత పెడలు రాయివలె గట్టిగా నిలిస్తే సిలిండరు మంచిదే. లోపం గొట్టంలోనో, కాలిపర్‌లోనో ఉన్నది. అప్పటికీ దిగిపోతే సిలిండరుదే దోషం.

పాత సిలిండరులో పిస్టను రోజూ తిరిగే మేరకు గోడ నున్నగా ఉండి, దానికి ఆవల తుప్పు గుంటలు పడి ఉంటాయి. బ్లీడింగు చేసేటపుడు పెడలును అడుగంటా తొక్కితే సీలు ఆ గుంటలపైకి పోయి కోసుకుపోతుంది. అంతవరకు బాగున్న బ్రేకు ఆయిలు మార్చిన తరువాత చెడినదంటే చాలాసార్లు కారణం ఇదే. సిలిండరు గోడపై గుంటలు కనిపిస్తే కొత్త సీళ్ళు వేసినా నిలువవు. సిలిండరునే మార్చవలెను.

4. పెడలు గట్టిగా ఉన్నా బండి ఆగకపోవుట

పీడనం పుడుతున్నది కాని ఘర్షణ కలుగుట లేదు. క్రీడా ఏటీవీలలో గొలుసు కూడా అదే ఇరుసుపై ఉంటుంది. గొలుసుకు పూసిన ఆయిలు ఎగిరి డిస్కుపై పడుట, ఇరుసు బేరింగు గ్రీజు కారి చేరుట తరచు చూడవచ్చును. డిస్కును బ్రేకు క్లీనరుతో శుభ్రం చేయవచ్చును గాని, ఆయిలు పీల్చిన ప్యాడ్లను కడిగినా, కాల్చినా మునుపటి పట్టు రాదు. వాటిని మార్చుటయే సరియైన పని.

ఎక్కువ వేడికి ప్యాడు ముఖం అద్దంలా నున్నబడితే ఉప్పు కాగితంతో తేలికగా రుద్ది పైపొరను తీయవచ్చును. కాలిపర్ జారుడు పిన్నులు బురదతో బిగిసిపోతే ఒక ప్యాడు మాత్రమే పనిచేస్తుంది. రెండు ప్యాడ్లలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అరిగి ఉండుట దీనికి గుర్తు. నీటిలో దిగి వచ్చిన వెంటనే పట్టు తగ్గుట మాత్రం లోపం కాదు. మెల్లగా నడుపుతూ బ్రేకును తేలికగా కొద్దిసేపు తొక్కితే తడి ఆరుతుంది.

5. బ్రేకు పట్టేసి విడవకపోవుట

అన్ని లోపాలలో ఇది ప్రమాదకరమైనది. ఎందుకనగా ఇది మొదట చిన్నదిగా కనిపించి, చివరకు బ్రేకు పూర్తిగా పోవుటకు దారితీస్తుంది. ప్యాడ్లు డిస్కును రాసుకొంటూ ఉంటే డిస్కు వేడెక్కుతుంది. ఆ వేడి పిస్టనుగుండా ఆయిలుకు చేరుతుంది. ఆయిలు వ్యాకోచించి ప్యాడ్లను ఇంకా గట్టిగా నొక్కుతుంది. వేడి మరింత పెరిగి, తేమ చేరిన ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి గాలివలెనే ముడుచుకొంటుంది కనుక పెడలు ఒక్కసారిగా నేలకు పోతుంది. బయలుదేరినపుడు బాగున్న బ్రేకు కొండ దిగేటపుడు లేకుండా పోవుట ఈ విధంగానే జరుగుతుంది. చల్లారిన తరువాత ఆవిరి తిరిగి ద్రవమై పెడలు మామూలుగా కనిపిస్తుంది. అందుచేత మరునాడు పరీక్షించినవారికి లోపం దొరకదు.

కారణాన్ని విడదీయుటకు బ్రేకు పట్టేసి ఉన్నపుడే, డిస్కు చల్లారనిచ్చి, ఈ క్రమంలో పరీక్షించవలెను:

* ముందుగా పార్కింగు బ్రేకు తీగను పూర్తిగా వదులు చేయవలెను. చక్రం విడిపోతే పార్కింగు బ్రేకు సవరణ మరీ బిగువుగా ఉన్నది.
* విడిపోకపోతే మాస్టర్ సిలిండరు వద్ద బాంజో బోల్టును కొద్దిగా వదులు చేయవలెను. చక్రం విడిపోతే సిలిండరు ఆయిలును తిరిగి రానీయడం లేదు.
* అప్పటికీ విడిపోకపోతే కాలిపర్ వద్ద బ్లీడర్ నిపిలును తెరవవలెను. ఆయిలు చిమ్మి చక్రం విడిపోతే గొట్టం లోపలి పొర ఊడి ఒకవైపు తలుపులా పనిచేస్తున్నది. పెడలు బలానికి ఆయిలు ముందుకు పోతుంది, సీలు బలహీనమైన లాగుడుకు వెనక్కు రాలేదు.
* నిపిలు తెరచినా విడిపోకపోతే కాలిపర్ పిస్టనో, జారుడు పిన్నులో తుప్పుతో బిగిసిపోయినవి.

సిలిండరు ఆయిలును రానీయకపోవుటకు ముఖ్య కారణం తిరుగు రంధ్రం మూసుకొనుట. ఆయిలులోని మడ్డి వలన ఇది జరగవచ్చును. అంతకంటె ఎక్కువగా మనిషి చేతిపొరపాటు వలన జరుగుతుంది. పెడలు పైకి రావలెనని పుష్ రాడ్డును పొడవు చేసి ప్లే లేకుండా బిగిస్తే, పిస్టను పూర్తిగా వెనక్కు రాక దాని సీలు రంధ్రాన్ని కప్పి ఉంచుతుంది. అప్పుడు వేడికి వ్యాకోచించిన ఆయిలుకు పోవుటకు దారి ఉండదు. కావున పెడలు ఎత్తును ఎత్తు సవరణ బోల్టుతో సరిచేసి, పుష్ రాడ్డుకు, పిస్టనుకు మధ్య కొద్దిపాటి ఖాళీ తప్పక ఉంచవలెను. ఎంత ఉంచవలెనో ఆయా బండి పుస్తకంలో ఉంటుంది.

రంధ్రం తెరచి ఉన్నదో లేదో చూచుటకు డబ్బా మూత తీసి పెడలును చేతితో మెల్లగా, కొద్దిగా మాత్రమే నొక్కవలెను. ఆయిలు పైభాగాన చిన్న ఊటవలె కదిలితే రంధ్రం తెరచి ఉన్నది. ఈ పరీక్షలో ముఖాన్ని డబ్బాపైకి వంచరాదు.

గాలి తీయు విధానము

1. ఆయిలు డబ్బాను తయారీదారు చెప్పిన రకపు కొత్త ఆయిలుతో, గుర్తు వరకు నింపవలెను. మూత తీసి చాలాకాలమైన సీసాలోని ఆయిలు వాడరాదు.
2. బ్లీడర్ నిపిలుకు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండవ చివరను కొంచెం ఆయిలు ఉన్న సీసాలో ముంచవలెను.
3. ఒకరు పెడలును మెల్లగా రెండు మూడు సార్లు తొక్కి, పట్టి ఉంచవలెను. రెండవవారు నిపిలును పావు చుట్టు తెరచి, ఆయిలు రాగానే మూయవలెను. మూసిన తరువాతనే పెడలు వదలవలెను.
4. పెడలు అడుగంటకుండా కింద ఒక చెక్క ముక్క ఉంచుట మంచిది.
5. బుడగలు ఆగేవరకు ఇట్లే చేయవలెను. నడుమ డబ్బా ఖాళీ అయితే పని మొదటికి వస్తుంది.

ఈ విధంగా గాలి పోకపోతే పెద్ద సిరంజితో నిపిలు వైపునుండి ఆయిలును పైకి, డబ్బాలోకి నెట్టవచ్చును. బుడగలు సహజంగా పైకి పోయే దిశలోనే ఆయిలు నడుస్తుంది కనుక కొన్ని బళ్ళలో ఇది త్వరగా ఫలిస్తుంది. డబ్బా పొంగకుండా నడుమ నడుమ ఆయిలు తీసివేస్తుండవలెను. గొట్టంలో ఎత్తైన వంపు ఉన్నచో కాలిపర్‌ను విప్పి, ప్యాడ్ల మధ్య ఒక చెక్క పలక ఉంచి, పైకి ఎత్తి పట్టుకొని గాలి తీయవచ్చును. చెక్క పలక లేకుండా పెడలు తొక్కితే పిస్టను బయటకు వచ్చేస్తుంది.

మరమ్మతు తరువాత

బాంజో బోల్టు విప్పినపుడల్లా రాగి వాషర్లను కొత్తవి వేయవలెను. బోల్టులను పుస్తకంలో చెప్పిన బిగువుకే బిగించవలెను. చక్రాలు పైకెత్తి ఉన్నపుడే పెడలు తొక్కి, వదలి, ఇరుసు చేతితో తేలికగా తిరుగుతున్నదో లేదో చూడవలెను. పెడలును ఒక నిమిషం తొక్కిపట్టి, దిగడం లేదని, ఎక్కడా తడి లేదని నిర్ధారించుకోవలెను. తరువాత చదునైన నేలపై నడక వేగంతో మొదలుపెట్టి, క్రమంగా వేగం పెంచుతూ పరీక్షించవలెను. కొంతదూరం నడిపి ఆపినపుడు, బ్రేకు ఎక్కువగా తొక్కకపోయినా డిస్కునుండి సెగ వస్తుంటే బ్రేకు ఇంకా రాసుకొంటున్నదని తెలుసుకోవలెను. అది తేలేవరకు దిగుడు దారికి పోరాదు.

ఆయిలును సాధారణంగా రెండు సంవత్సరాలకొకసారి, నీటిలో ఎక్కువగా తిరిగే బళ్ళకు అంతకంటె ముందుగా మార్చుట మంచిది. డిస్కు కనీస మందం దానిపైనే చెక్కి ఉంటుంది. అంతకు తగ్గితే మార్చవలెను.

విద్యార్థుల పోటీలలో

ఇంజనీరింగు విద్యార్థులు తామే ఏటీవీ వంటి వాహనాన్ని రూపొందించి నడిపే బాజా పోటీలు అమెరికాలో 1976లో మొదలయ్యాయి. భారతదేశంలో ఎస్ఏఈ ఇండియా ఆధ్వర్యంలో 2007 నుండి జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల జట్లు కూడా వీటిలో పాల్గొంటాయి. ఈ పోటీల నియమాల ప్రకారం వాహనానికి కనీసం రెండు వేరువేరు హైడ్రాలిక్ మార్గాలు ఉండవలెను. ఒకటి చెడినా రెండవది బండిని ఆపుటకు ఈ ఏర్పాటు. బ్రేకు పరీక్షలో చక్రాలన్నీ ఒక్కసారిగా బిగిసి నిలవవలెను. ఈ పరీక్షలో నెగ్గని బండిని పరుగుకు అనుమతించరు. కొత్తగా అమర్చిన గొట్టాలలో మిగిలిన గాలి, ప్లే లేని పుష్ రాడ్డు, ఎత్తున లేని బ్లీడర్ నిపిలు విద్యార్థుల బళ్ళలోనూ ఎదురయ్యే లోపాలే. కావున పైన చెప్పిన పరీక్షలు వారికి కూడా వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

* పాస్కల్ నియమం
* బ్రేకు
* ఘర్షణ
* మరుగు స్థానం
* తులాదండము